మూసివున్న లిక్విడ్ కూలర్‌ను కోసి కస్టమ్ లూప్‌గా మార్చుకోవచ్చా?

ప్రశ్న: బెజవాడ ఎడిటర్

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో పెళ్ళి వీడియోల ఎడిటింగ్ చేస్తుంటాను. నా సిస్టమ్‌లో రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మీద 360 మి.మీ. ఏఐఓ కూలర్ (పంపు, రేడియేటర్, ట్యూబులు అన్నీ కలిపి, ద్రవం నింపి మూసి అమ్మేది) ఉన్నాయి. రేడియేటర్‌ను క్యాబినెట్ పైకప్పుకు బిగించాను. కూలర్ కొని నాలుగేళ్ళు దాటింది, వారంటీ గడువు కూడా తీరిపోయింది.

కొన్న కొత్తలో ఎంత పెద్ద రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను చివరగా తయారుచేసే పని) పెట్టినా ప్రాసెసర్ 72 డిగ్రీలు దాటేది కాదు. ఈ వేసవిలో అదే పనికి పది నిమిషాల్లో 90 డిగ్రీలకు చేరి, అక్కడి నుంచి వేగం తగ్గించుకుంటోంది. ఉదయం సిస్టమ్ ఆన్ చేయగానే పంపు దగ్గర గుడగుడమని నీళ్ళ చప్పుడు రెండు మూడు నిమిషాల పాటు వినిపించి ఆగిపోతోంది. థర్మల్ పేస్ట్ మార్చాను, ఫ్యాన్లకు పట్టిన దుమ్ము దులిపాను, తేడా ఏమీ కనిపించలేదు.

కొత్త కూలర్ కొనే బదులు ఉన్నదాన్నే, విడి భాగాలతో మనమే కట్టుకునే కస్టమ్ లూప్‌గా మార్చుకోవాలని అనుకుంటున్నాను. రెండు రబ్బరు ట్యూబులను మధ్యలో కోసి, ఒకదానికి చిన్న రిజర్వాయర్ (ద్రవం నిలవ ఉండే తొట్టె), రెండోదానికి గ్రాఫిక్స్ కార్డు కోసం నికెల్ పూత ఉన్న రాగి బ్లాకు (చిప్ మీద ఆనించి, దాని వేడిని ద్రవంలోకి లాగే లోహపు భాగం) కలిపి, లోపల డిస్టిల్డ్ వాటర్ నింపాలన్నది నా ఆలోచన. పంపు, రేడియేటర్ పాతవే ఉంటాయి. ఆ పంపు రెండు బ్లాకులకు సరిపోతుందా, పాత ట్యూబులకు కొత్త ఫిట్టింగులు పడతాయా, డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోస్తే సరిపోతుందా అన్నవి నా సందేహాలు. ఇదివరకు ఈ పని చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. సీజన్ మధ్యలో సిస్టమ్ ఆగిపోతే నాకు చాలా ఇబ్బంది అవుతుంది.

జవాబు 1: రాగిరేకు

ఎడిటర్ గారూ, కత్తెర పట్టుకునే ముందు జబ్బు ఏమిటో తేల్చుకోవాలి. మీరు చెప్పిన లక్షణాలన్నీ లోపల ద్రవం తగ్గిందనే సూచిస్తున్నాయి. మూసివున్న కూలర్ అన్నప్పుడు నీళ్ళు ఎక్కడికి పోతాయని చాలామంది అడుగుతారు. అవి కారిపోవు. రబ్బరు ట్యూబు గోడల గుండా ఆవిరి రూపంలో ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా బయటికి వెళ్తాయి, వాటి స్థానంలో గాలి చేరుతుంది. ఆ గాలి రేడియేటర్ పైభాగంలో నిలిచి ఉన్నంతకాలం మనకు ఏ తేడా తెలియదు. దాని పరిమాణం పెరిగి పంపులోకి వచ్చినప్పుడే మీరు విన్న గుడగుడ మొదలవుతుంది. ఇటువంటి కూలర్‌లో ఉండే ద్రవం మొత్తం కలిపినా రెండు టీ గ్లాసులకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, అందులో ఒక వంతు పోయినా ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా బయోస్‌లో (సిస్టమ్ ఆన్ చేస్తూ తెరిచే సెట్టింగుల తెరలో) పంపు వేగం చూడండి. అది నిలకడగా నిమిషానికి రెండున్నర వేలు, మూడు వేల చుట్ల మధ్య చూపిస్తుంటే మోటారు బాగానే ఉన్నట్టు. తర్వాత రెండర్ నడుస్తుండగా రెండు ట్యూబులనూ చేత్తో పట్టుకోండి. రెండూ ఇంచుమించు ఒకే వెచ్చదనంతో ఉంటే ద్రవం తిరుగుతోంది. ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే ప్రవాహం ఆగిపోయినట్టే, లేదా బ్లాకులోని సన్నని గాడులు పూడిపోయినట్టే.

పంపు బాగుంటే ట్యూబులు కోయకుండానే పని జరిగే అవకాశం ఉంది. కొన్ని కూలర్లకు రేడియేటర్ చివర కానీ, బ్లాకు పక్కన స్టిక్కరు కింద కానీ ద్రవం నింపడానికి మర బిరడా ఉంటుంది. అది ఉందో లేదో చూడండి.

ఇక మీ ప్రణాళికలో నన్ను కలవరపెట్టింది పంపు కాదు, రేడియేటర్. అది ఏ లోహమో ముందు తెలుసుకోండి. కనిపించని మూల చిన్న మొనతో నల్ల రంగు గీకి చూస్తే, అడుగున పసుపు ఛాయ కనిపిస్తే ఇత్తడి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. నూటికి తొంభై పాళ్ళు అది అల్యూమినియమే అయి ఉంటుంది. అలా అయితే మీ ప్రణాళికలోని రాగి బ్లాకును దాని సరసన చేర్చవద్దని నా గట్టి సలహా.

జవాబు 2: రసాయనశాల

రాగిరేకు గారు చెప్పిన ఆఖరి మాట వెనక ఉన్న కారణాన్ని కొంచెం వివరంగా రాస్తాను. నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తాను, ఈ పొరపాటును మా ఇంట్లోనే ఒకసారి కళ్ళారా చూశాను.

రెండు వేర్వేరు లోహాలను ఒకే ద్రవంలో ఉంచి, వాటి మధ్య విద్యుత్తు పారే దారి ఏర్పరిస్తే అది ఒక బ్యాటరీగా మారుతుంది. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (ఇది ఎంత తక్కువైతే ఆ లోహం అంత తేలిగ్గా కరుగుతుంది) అల్యూమినియంకు మైనస్ 1.66 వోల్టులు, రాగికి ప్లస్ 0.34 వోల్టులు. ఈ రెండింటి మధ్య ఉన్న రెండు వోల్టుల అంతరంలో నష్టపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర దాన్ని కొంతవరకు కాపాడుతుంది కానీ, ఆ పొర ఆమ్లంలోనూ నిలవదు, గాఢ క్షారంలోనూ నిలవదు. సత్తు గిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచవద్దని మన పెద్దవాళ్ళు చెప్పేది ఇందుకే.

దీనికి తోడు, రాగి నేరుగా అల్యూమినియాన్ని తాకకపోయినా ప్రమాదం తప్పదు. రాగి బ్లాకు నుంచి అతి స్వల్పంగా కరిగిన రాగి అయాన్లు ద్రవంతోపాటు ప్రయాణించి, రేడియేటర్ లోపలి గోడ మీద చుక్కలుగా పేరుకుంటాయి. ప్రతి చుక్క ఒక చిన్న బ్యాటరీ అయి, తన చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని గుంట పడేలా తినేస్తుంది. రేడియేటర్ గొట్టాల గోడ చాలా పలచన కాబట్టి ఆ గుంట రంధ్రం కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

అయితే కంపెనీవాళ్ళు అమ్మే ఏఐఓలో కూడా కోల్డ్ ప్లేట్ (ప్రాసెసర్‌ను తాకే బ్లాకు అడుగు) రాగి, రేడియేటర్ అల్యూమినియం కదా అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందులో నింపేది ఉత్త నీరు కాదు. గ్లైకాల్‌తో పాటు రెండు లోహాలనూ కాపాడే తుప్పు నిరోధకాలు తగిన పాళ్ళలో కలిపి ఉంటాయి. పైగా మూసివున్న వ్యవస్థ కనుక కొత్తగా ఆక్సిజన్ చేరడం చాలా తక్కువ. మీరు ట్యూబు కోసి రిజర్వాయర్ పెట్టిన క్షణాన ఈ రెండు రక్షణలూ పోతాయి: నిరోధకాలను పారబోసి డిస్టిల్డ్ వాటర్ పోస్తారు, రిజర్వాయర్‌లోని గాలి నుంచి ఆక్సిజన్ నిరంతరం అందుతూ ఉంటుంది.

నికెల్ పూత ఉందిగా అన్న ధైర్యం కూడా వద్దు. ఇత్తడి గిన్నెకు కళాయి పోయించినా అది ఎక్కడో ఒకచోట అరిగి లోపలి లోహం బయటపడినట్టే, ఫిట్టింగు బిగించే మరల దగ్గర నికెల్ పూత పలచబడుతుంది. పూత చెక్కుచెదరకుండా ఉందనుకున్నా, నికెల్ పొటెన్షియల్ మైనస్ 0.25 వోల్టులు కాబట్టి అల్యూమినియంతో అంతరం తగ్గుతుందే తప్ప పోదు.

మా తమ్ముడు ఇదే పని చేశాడు. పాత ఏఐఓ అల్యూమినియం రేడియేటర్‌కు కొత్త రాగి బ్లాకు కలిపి, బ్యాటరీల్లో పోసే నీళ్ళు నింపాడు. మొదటి మూడు నెలలు ఉష్ణోగ్రతలు చాలా బాగున్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తొమ్మిదో నెలలో బ్లాకు విప్పి చూస్తే గాడుల నిండా గంజి గడ్డలా తెల్లటి పదార్థం పేరుకుని ఉంది. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఆ తర్వాతి వారమే రేడియేటర్ మడత దగ్గర సూది మొనంత రంధ్రం పడి, చుక్కచుక్కగా కారిన నీరు గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. కార్డు మళ్ళీ పనిచేయలేదు. అప్పటికి వాడు చదువుకుంటున్నాడు, ఆ కార్డు కోసం ఏడాదిపాటు డబ్బు కూడబెట్టుకున్నాడు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నీళ్ళ గురించి ఒక మాట. ఇంట్లో వచ్చే ఆర్‌ఓ నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ కాదు, వాటిలో లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి. పెట్రోలు బంకుల్లోనూ బ్యాటరీ దుకాణాల్లోనూ దొరికే డీమినరలైజ్డ్ వాటర్ పనికివస్తుంది కానీ, అదే దుకాణంలో బ్యాటరీ ఆమ్లం కూడా అలాంటి డబ్బాల్లోనే అమ్ముతారు కనుక చీటీ చదివి తీసుకోండి. కార్లకు పోసే పచ్చ కూలెంట్ చవక అని ఎవరైనా సలహా ఇస్తే ఆలోచించండి. అందులో ఎక్కువగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. అది తియ్యగా ఉండే విషం. ఇంట్లో చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే దాన్ని మూత తీసి టేబుల్ మీద పెట్టడమే ప్రమాదం.

జవాబు 3: జర్మనీ నుంచి

లోహం సంగతి పై ఇద్దరూ చెప్పారు కాబట్టి నేను పంపు, వేడి లెక్క మాత్రమే రాస్తాను.

నిమిషానికి ఒక లీటరు నీరు ప్రవహిస్తున్నప్పుడు, అది ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 70 వాట్లు కావాలి. మీ ప్రాసెసర్ పూర్తి పనిలో గరిష్ఠంగా 142 వాట్లు తీసుకుంటుంది. అంటే ఆ ప్రవాహంలో లోపలికి వెళ్ళే ద్రవానికీ బయటికి వచ్చే ద్రవానికీ తేడా రెండు డిగ్రీలే. ట్యూబులు రెండూ ఒకే వెచ్చదనంతో ఉండాలని రాగిరేకు గారు చెప్పింది ఇందువల్లనే. దీనికి గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు కలిపితే మొత్తం 362 వాట్లు, తేడా ఐదు డిగ్రీల పైచిలుకు. రెండో బ్లాకు అడ్డు వల్ల ప్రవాహం సగానికి పడిపోతే అది పది డిగ్రీలు దాటుతుంది. ఏఐఓ పంపు కొద్ది వాట్లతో నడిచే చిన్న మోటారు, తన బ్లాకు ఒక్కదానికి సరిపడేలా రూపొందించినది. కస్టమ్ లూపుల్లో వాడే డీ5 పంపు గరిష్ఠంగా 23 వాట్ల దాకా తీసుకుని, నాలుగు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తుకు నీటిని నెట్టగలదు. రెండింటికీ పోలికే లేదు.

అంతకంటే పెద్ద చిక్కు రేడియేటర్‌తో వస్తుంది. మోస్తరు వేగంతో తిరిగే ఒక్కో 120 మి.మీ. ఫ్యాను వంతుకు, నీరు గదికంటే పది డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు, సుమారు వంద వాట్లు బయటికి పోతాయన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. మూడు ఫ్యాన్లకు మూడు వందలు. మీ 362 వాట్లకు నీరు గదికంటే పన్నెండు డిగ్రీలు పైన నిలుస్తుంది. బెజవాడ మే నెలలో ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే నీరు 50కి చేరుతుంది, రేడియేటర్ పైకప్పుకు ఉండి క్యాబినెట్ లోపలి వేడిగాలినే పీల్చుకుంటే ఇంకా పైకి పోతుంది. చాలా పంపులకు, మెత్తని ట్యూబులకు 60 డిగ్రీలే హద్దు. నేనుండే ఊళ్ళో ఇదే అమరిక హాయిగా నడుస్తుంది, మీ ఊళ్ళో వేసవి మధ్యాహ్నాలు గట్టెక్కడం కష్టం.

ఇలా విస్తరించుకునే వీలున్న కూలర్లు అసలు లేకపోలేదు. స్విఫ్ట్‌టెక్ 2013లో తెచ్చిన హెచ్220 అటువంటిదే. పంపును బ్లాకు మీదే కూర్చోబెట్టే పద్ధతిపై డెన్మార్క్ కంపెనీ అసెటెక్‌కు పేటెంట్లు ఉండటంతో, దాన్ని అదే ఏడాది అమెరికా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత జర్మనీకి చెందిన ఆల్ఫాకూల్, రాగి రేడియేటర్, జీ 1/4 అనే ప్రామాణిక కొలత మరలు, చేత్తో విడదీసే కప్లింగ్ ఉన్న ఐస్‌బేర్ శ్రేణిని తెచ్చింది. నేను వాడుతున్నది అదే. రెండేళ్ళ తర్వాత దానికి గ్రాఫిక్స్ బ్లాకు, మరో రేడియేటర్ జోడించాను. అన్నీ రాగి, ఇత్తడి కావడం వల్ల లోహాల తగాదా రాలేదు. మీ కూలర్‌కు అలాంటి మరలు ఉంటే మీరు కోయడం గురించి అడిగేవారే కాదు. ట్యూబును నేరుగా గట్ల మూతి మీద తొడిగి లోహపు పట్టీతో నొక్కేసి ఉంటారు. ఆ మూతి కొలత జీ 1/4 ఫిట్టింగులకు వాడే 10/13 లేదా 10/16 మి.మీ. ట్యూబులతో కలవకపోవచ్చు. వెర్నియర్‌తో కొలవకుండా ఏదీ కొనవద్దు.

ప్రశ్నించినవారి సమాధానం: బెజవాడ ఎడిటర్

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రేడియేటర్ మూల గీకి చూశాను, తెల్లగానే ఉంది. పంపు వేగం 2,700 దగ్గర నిలకడగా ఉంది, ట్యూబులు రెండూ వెచ్చగానే ఉన్నాయి. రేడియేటర్ చివర స్టిక్కరు కింద మర బిరడా దొరికింది.

నిన్న రాత్రి కూలర్‌ను పూర్తిగా బయటికి తీసి, పళ్ళెం మీద పెట్టి, బిరడా విప్పి లోపలి ద్రవాన్ని కొలజాడీలోకి వంపాను. రంగు మారలేదు, అడుగున మడ్డి కూడా లేదు. తర్వాత రెండు లోహాలకూ పనికొస్తుందని చీటీ మీద రాసి ఉన్న ప్రొపిలీన్ గ్లైకాల్ కూలెంట్‌ను సిరంజితో నింపాను. రేడియేటర్‌ను అటూ ఇటూ వంచుతూ, ట్యూబులను నొక్కుతూ, బుడగలు ఆగేదాకా దాదాపు గంటసేపు పట్టింది. బయటికి వచ్చినదానికంటే లోపలికి పట్టినది 55 మి.లీ. ఎక్కువ. అంటే నాలుగేళ్ళలో అంత గాలి చేరిందన్నమాట. ఈ రోజు అదే రెండర్‌లో 76 డిగ్రీలు వచ్చింది, గుడగుడ చప్పుడు పోయింది.

కాబట్టి ఈ సీజన్‌కు దీన్ని కదిలించను. కానీ గ్రాఫిక్స్ కార్డు వేడి, దాని ఫ్యాన్ల హోరు నన్ను ఇంకా బాధిస్తూనే ఉన్నాయి. వర్షాలు మొదలయ్యాక విడిగా కస్టమ్ లూప్ కట్టుకుంటే, ఈ ఏఐఓలోంచి ఏమేమి వాడుకోవచ్చు?

జవాబు 4: రాగిరేకు

చాలా సంతోషం. అయితే ఒక జాగ్రత్త. బిరడా కింద ఉన్న రబ్బరు ఓ-రింగు ఒకసారి విప్పినది కాబట్టి, వారం రోజులపాటు రోజూ ఆ చోట పొడి టిష్యూ పేపరుతో అద్ది చూడండి. అంచు దాకా నింపి ఉంటే మూడు నాలుగు మి.లీ. తీసేయండి, వేడికి ద్రవం వ్యాకోచించడానికి కాస్త చోటుండాలి.

కస్టమ్ లూపుకు ఈ కూలర్‌లోంచి నిశ్చింతగా తీసుకోగలిగినవి మూడు ఫ్యాన్లు, వాటి స్క్రూలు మాత్రమే. బ్లాకు అడుగు రాగిదే కదా అని దాన్ని పంపుతో సహా ఉంచుకుందామనిపిస్తుంది కానీ, నాలుగేళ్ళు తిరిగిన చిన్న మోటారు మీద రెండు బ్లాకుల భారం పెట్టడం నాకు సమ్మతం కాదు. నిజానికి మీ సమస్య గ్రాఫిక్స్ కార్డుది కనుక, ప్రాసెసర్‌ను ఈ ఏఐఓకే వదిలేసి కార్డుకు మాత్రమే వేరే చిన్న లూప్ కట్టడం మేలు. రెండింటి ద్రవాలూ కలవవు, లోహాల గొడవా ఉండదు, వేడి కూడా రెండు రేడియేటర్లకు పంచుకుపోతుంది. దానికి ఇత్తడి తొట్లు, రాగి రెక్కలు ఉన్న 240 లేదా 280 మి.మీ. రేడియేటర్, రిజర్వాయర్‌తో కలిసిన డీ5 పంపు, ఆరు ఫిట్టింగులు, రెండు మీటర్ల మెత్తని ట్యూబు చాలు. మొదటిసారి కట్టేవారు గాజులా కనిపించే గట్టి ట్యూబుల జోలికి వెళ్ళకపోవడం మంచిది. అందం తర్వాత చూసుకోవచ్చు.

కొత్త రేడియేటర్ లోపల అతుకు పెట్టిన మందు, చిన్న రజను మిగిలి ఉంటాయి. వాటిని వేడి డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదుసార్లు కడగకపోతే అవన్నీ వచ్చి బ్లాకు గాడుల్లోనే కూర్చుంటాయి. నీరు ముందు రిజర్వాయర్‌లోకి, అక్కడి నుంచి నేరుగా పంపులోకి దిగేలా అమర్చండి, పంపును ఎన్నడూ పొడిగా నడపకండి. నింపేటప్పుడు మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా, ఎస్‌ఎమ్‌పీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) 24 పిన్నుల కేబుల్‌కు దుకాణాల్లో దొరికే జంపర్ (పిన్నులను కలిపే చిన్న ముక్క) తొడిగితే పంపు ఒక్కటే తిరుగుతుంది. ఫిట్టింగుల కింద టిష్యూ పేపర్లు పరిచి ఒక రోజంతా అలా వదిలేయండి. నేను ఇప్పటికి కట్టిన లూపుల్లో రెండుసార్లు లీకు ఆ మొదటి రాత్రే బయటపడింది, అందువల్ల ఏ భాగమూ పాడవలేదు.

డబ్బు పెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. గ్రాఫిక్స్ బ్లాకు కార్డు పేరును బట్టి కాక, లోపలి సర్క్యూట్ బోర్డు అమరికను బట్టి సరిపోతుంది. ఒకే 3070 చిప్‌తో ఒక్కో తయారీదారు ఒక్కో రకం బోర్డు చేశారు. కార్డు వెనక స్టిక్కరు మీద ఉన్న పూర్తి మోడల్ నంబరు ఇక్కడ రాయండి, దానికి ఏ బ్లాకు పడుతుందో చూసి చెబుతాను.